ఉప్పునీటి ట్యాంక్ సైకిల్ అయిపోయింది, ఇప్పుడు ఎవర్ని ముందు వేయాలి?

సైకిల్ అంటే విషమైన అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ట్యాంకులో నిలదొక్కుకోవడం. ముందు అది నిజంగా అయిందో లేదో చూసుకోండి. ట్యాంకులో 2 పీపీఎం (పది లక్షల భాగాల్లో రెండు) వచ్చేలా అమ్మోనియా వేసి, 24 గంటల తర్వాత టెస్ట్ చేస్తే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాలి. నైట్రేట్ మాత్రం బాగా పెరిగి ఉంటుంది, పెరగాలి కూడా. అప్పుడు సగం నీళ్లు మార్చేసి, స్పెసిఫిక్ గ్రావిటీ (నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 1.025 దగ్గర, ఉష్ణోగ్రత 25, 26 డిగ్రీల దగ్గర నిలబడ్డాయని తేల్చుకున్నాకే కొనడానికి బయల్దేరండి. ఎంత మేత దొరికితే అంతే బ్యాక్టీరియా బతుకుతుంది కాబట్టి, సైకిల్ అయ్యాక ట్యాంకును వారాల తరబడి ఖాళీగా వదిలేయకండి, అప్పుడప్పుడూ కాస్త అమ్మోనియా వేస్తూ ఉండండి.

కొనే ముందు ఒక కాగితం తీసుకుని మీకు కావాల్సిన చేపలన్నీ రాసి, ఏది ఎక్కువ దెబ్బలాటకు దిగుతుందో దాన్ని అట్టడుగుకు తోయండి. ఉప్పునీటి చేపల్లో ముందొచ్చినవాడిదే ఇల్లు. రాళ్ల మధ్య సందులన్నీ తనవే అనుకుంటుంది, తర్వాత వచ్చినదాన్ని మూలకు తరిమేస్తుంది. అందుకే ఫైర్‌ఫిష్, బంగాయ్ కార్డినల్, గోబీ లాంటి నెమ్మదస్తులు ముందు రావాలి. రాయల్ గ్రామా, క్లౌన్‌ఫిష్ ఆ తర్వాత. డాటీబ్యాక్ లాంటి తగాదాకోరు మీకు తప్పదనుకుంటే అన్నింటికంటే చివర. ఫైర్‌ఫిష్ బెదిరితే ట్యాంకులోంచి బయటికి దూకేస్తుంది, మూత గానీ వల గానీ లేకపోతే దాని జోలికి పోవద్దు.

డామ్‌సెల్ చేపలు చవక, గట్టివి, అందుకే కొత్తవాళ్లకు వాటినే అంటగడతారు. చాలా రకాలు పెద్దయ్యే కొద్దీ రౌడీలవుతాయి, పట్టుకుందామంటే రాళ్లన్నీ బయటికి తీస్తే తప్ప దొరకవు. సరదాగా కొనేవి కావు అవి.

చేపల కంటే ముందు నత్తలు రావచ్చు, కానీ తొందరపడకండి. కొత్త ట్యాంకులో మొదట గోధుమరంగు పొడిలాంటి డయాటమ్ నాచు పడుతుంది, అది కనిపించాక ట్రోకస్, సెరిత్ నత్తలు నాలుగైదు చాలు. ఎన్ని గ్యాలన్లకు అన్ని నత్తలని అమ్మే ప్యాకేజీలు కొంటే, నాచు అయిపోయిన మర్నాటి నుంచి సగం ఆకలితో చస్తాయి, చచ్చిన నత్త మళ్లీ అమ్మోనియానే. నస్సేరియస్ నత్తలు నాచు తినవు. ఇసుకలో కూరుకుపోయి గొట్టంలాంటి ముక్కు మాత్రం పైకి పెట్టి ఉంటాయి, మేత వాసన తగిలితే చాలు ఒక్కసారిగా ఇసుక చీల్చుకుని బయటికొస్తాయి. చేపలకు మేత వేయడం మొదలయ్యాకే వాటికి పని.

ఇంటికి తెచ్చిన సంచి విషయంలో చాలామంది ఒకే పద్ధతి అన్నిటికీ వాడతారు, అది తప్పు. దూరం నుంచి వచ్చిన సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోయి ఉంటుంది, దాంతో అందులోని అమ్మోనియా పెద్దగా హాని చేయని రూపంలో ఉండిపోతుంది. మూతి విప్పగానే గ్యాస్ పోయి పీహెచ్ పెరుగుతుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. కాబట్టి అలాంటి చేపను, ట్యాంకు నీళ్లు చుక్కచుక్కగా కలుపుతూ గంటల కొద్దీ అలవాటు చేయకండి. సంచి కట్టి ఉండగానే ఓ పావుగంట నీళ్లలో తేల్చి, ఉప్పు శాతం దగ్గరదగ్గరగా ఉంటే చేపను మాత్రం తీసి వదిలేయండి, సంచి నీళ్లు ట్యాంకులో పోయొద్దు. కొన్ని షాపుల్లో చేపల తొట్లలో ఉప్పు తక్కువ పెడతారు, అందుకే ఎంత ఉందో ముందే అడిగి, క్వారంటైన్ తొట్టిని (కొత్త చేపను కొన్నాళ్లు విడిగా ఉంచే చిన్న తొట్టి) అదే కొలతకు తయారుగా పెట్టుకోవడం మేలు. నత్తలు, రొయ్యలు ఉప్పు తేడాను తట్టుకోలేవు, వాటికి మాత్రం చుక్కల పద్ధతే సరైనది.

క్వారంటైన్ అంటే అందరికీ బద్ధకమే. కానీ తెల్లచుక్కల రోగం ఒక్కసారి మెయిన్ ట్యాంకులోకి వచ్చిందంటే చేపలన్నిటినీ బయటికి తీసి 76 రోజులు ఖాళీగా ఉంచాలని ఈ హాబీలో చెబుతారు. దానికంటే చిన్న తొట్టిలో నెల రోజులు నయం కదా! రాగి మందు వాడాల్సి వస్తే ఆ తొట్టిలోనే వాడండి, మెయిన్ ట్యాంకులో పడితే నత్తలూ రొయ్యలూ పగడాలూ పోతాయి.

ఒకేసారి ఒకటి రెండు చేపలే, ఆ తర్వాత కనీసం రెండు వారాలు ఆగండి. మొదటి వారం రోజూ అమ్మోనియా చూస్తూ, మేత కొంచెం కొంచెంగా వేయండి. సున్నా దాటితే కొత్త చేప మాట మర్చిపోయి నీళ్లు మార్చండి. క్లౌన్‌ఫిష్ జంట కావాలంటే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకోండి. అన్నీ మగవిగానే మొదలవుతాయి, పెత్తనం చేసేది ఆడదవుతుంది. చిన్నది ఒంటిని పక్కకు వాల్చి గజగజా వణికితే రోగమేమో అని టెన్షన్ పడకండి, లొంగిపోయానని చెప్పుకోవడమే అది. వాటికి ఎనిమోనీ (క్లౌన్‌ఫిష్ గూడుగా వాడుకునే, టెంటకిల్స్ ఉన్న సముద్రజీవి) ఉండి తీరాలన్న రూలేమీ లేదు, నిలకడలేని కొత్త నీళ్లలో అది బతకడం కష్టం, ఆరు నెలలైనా ఆగండి. మాండరిన్ చేప కూడా అంతే, కోపెపాడ్లనే (రాళ్ల మీద ఉండే రొయ్య జాతి చిట్టి జీవులు) ఏరుకు తింటుంది కాబట్టి కొత్త రాళ్ల మీద దానికి తిండి దొరకదు. ఇక బ్లూ టాంగ్ అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడే అమ్ముతారు గానీ అది 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, చిన్న ట్యాంకు ఉన్నవాళ్లు కాగితంలోంచి ఆ పేరు కొట్టేయండి.