బ్యాంకాక్ చూసి, సముద్రతీరానికి వెళ్ళదలచుకుంటే

గ్రాండ్ ప్యాలెస్ ఉదయం 8.30కే తెరుస్తారు గనుక ఎండ ముదరకముందే, భుజాలూ మోకాళ్ళూ కప్పే దుస్తులతో అక్కడికి చేరుకోవాలి. "ఈరోజు మూసేశారు, వేరే గుడి చూపిస్తాను" అనే టుక్‌టుక్ (అక్కడి ఆటో) వాళ్ళను నమ్మకుండా నేరుగా ద్వారం దాకా నడవండి. దగ్గరలోని వాట్ ఫో గుడిలో 46 మీటర్ల శయన బుద్ధుణ్ణి తల దగ్గరే చూసి వెనుదిరగక, ముత్యపుచిప్ప పొదిగిన పాదాల వరకు తప్పక వెళ్ళాలి.

తీరాన్ని మాత్రం నెలను బట్టి ఎంచుకోవాలి. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు అండమాన్ సముద్రం వైపున్న క్రాబీ అనుకూలం. జూలై, ఆగస్టుల్లో అక్కడ నైరుతి రుతుపవనాల వల్ల అలలు ఉధృతంగా ఉంటాయి కాబట్టి థాయ్‌లాండ్ గల్ఫ్ (సింధుశాఖ) వైపున్న కో సముయి దీవి మేలు. ఎర్రజెండా ఎగురుతుంటే, ఎంత గజ ఈతగాళ్ళైనా నీళ్ళలో దిగకూడదు. క్రాబీలోని రైలే తీరానికి రోడ్డు లేదు, పడవలోనే వెళ్ళాలి. మోకాలి లోతు నీళ్ళలో దిగాల్సి రావచ్చు కనుక చక్రాల పెట్టె కంటే భుజాన వేసుకునే సంచే నయం.