ఓడ డ్యూటీ టీఏ బిల్లు వెనక్కి వచ్చిందా?

"సముద్రం మధ్యలో భోజనం బిల్లు యాడ తెచ్చేది సార్?"

తిరుపతిలో మా వీధి చివర ఉండే కుర్రాడు అడిగిన మాట ఇది. కేంద్ర ప్రభుత్వ టెక్నీషియన్, జీతం లెవెల్ 7. ప్రభుత్వ సర్వే ఓడ మీద 14 రోజులు పనిచేసి వచ్చాడు. చేతిలో టీఏ (ప్రయాణ భత్యం) బిల్లు, దాని మార్జిన్‌లో ఎర్ర సిరాతో "ఫుడ్ బిల్లులు జతచేయలేదు". నేను చాన్నాళ్లు ఇలాంటి బిల్లులే చూసినవాణ్ణి కాబట్టి, ఆ ఎర్ర సిరా చూడగానే సంగతి అర్థమైంది.

సమస్య: బిల్లుల్లేవని ఓడలో ఉన్న రోజుల డబ్బు ఆపేశారు.

కారణం: దాన్ని మామూలు టూరు అనుకున్నారు. అసలు మామూలు టూరుకే ఇప్పుడు భోజనం వోచర్లు అక్కర్లేదు. ఇక ఓడ సంగతి 2017 జూలై 13 నాటి ఆర్థిక శాఖ మెమోలో విడిగానే ఉంది. శాస్త్రీయ పనికి, డేటా సేకరణకు ప్రభుత్వ ఓడల్లో ఉన్నవాళ్లకు భోజనం రేటుకు సమానంగా దినసరి భత్యం ఇవ్వాలి, అసలు ఖర్చు ఎంతయినా సరే.

పరిష్కారం: ఆ పేరా ప్రింటు తీసి బిల్లుకు జతచేయండి. అదే పేరాలో చివరి మాట చాలామంది వదిలేస్తారు: శాఖాధిపతి లేదా కంట్రోలింగ్ ఆఫీసర్ (టీఏ బిల్లు మంజూరు చేసే అధికారి) ఆమోదం ఉండాలి. ఈ కుర్రాడి ఫైల్లో లేనిది అదే. టూర్ ఆర్డర్లో "చెన్నైకి టూరు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు, ఓడ ఊసే లేదు. ఆర్డర్లో ఓడ పేరు, పని ఏమిటో రాయించుకుంటే సగం గొడవ అక్కడే తీరుతుంది.

సమస్య: డబ్బు వచ్చింది, కానీ తక్కువ వచ్చింది.

ముందు రేటు చూడండి. లెవెల్ 6 నుంచి 8 వరకు భోజనం రేటు 800 రూపాయలు. కరవు భత్యం 50 శాతం చేరితే ఇది 25 శాతం పెరగాలి. 2024 జనవరి నుంచి చేరింది కూడా. అంటే రోజుకు 1,000. (కరవు భత్యమూ డీఏనే, దినసరి భత్యమూ డీఏనే. ఈ పేర్ల గందరగోళంలోనే సగం బిల్లులు మునుగుతాయి.) మనవాడి బిల్లులో పాత 800 వేసి ఉంది. 14 రోజులకు 2,800 తేడా.

తర్వాత రోజులు లెక్కపెట్టండి. ఓడ బయలుదేరిన తేదీ వేరు, మీరు ఎక్కిన తేదీ వేరు. వాతావరణం బాగాలేక రేవులోనే రెండు రోజులు ఆగిందనుకోండి, బిల్లులు చూసే సెక్షన్లో ఆ రెండు రోజులు కొట్టేస్తారు. ఎక్కిన, దిగిన తేదీలతో ఓడ అధికారి సంతకం ఉన్న కాగితం దిగేముందే తీసుకోండి. తర్వాత ఫోన్లు చేసినా దొరకదు. ఓడలో భోజనం ఉచితమైతే ఆ మాట బిల్లులో దాచకండి, రికవరీ పడితే ఇంకా టెన్షన్.

చెన్నైలో ఓడ కోసం లాడ్జిలో ఎదురుచూసిన రోజులకు, లెవెల్ 8 వరకు మామూలు పరిమితి లోపైతే స్వీయ ధ్రువీకరణ చాలు; పెద్ద నగరానికి ఇచ్చే ఎక్కువ పరిమితి అడిగితే మాత్రం రసీదు కావాలి. అవి ఓడ రోజులతో కలపకండి.

రాష్ట్ర ఉద్యోగులకు ఈ మెమో వర్తించదు, వాళ్ల రూల్సు వేరు.

గడువు: టూరు ముగిశాక 60 రోజులు, 2018 మార్చి నుంచి ఇదే లెక్క. అడ్వాన్సు తీసుకుంటే మాత్రం 15 రోజుల్లోనే సర్దుబాటు బిల్లు పెట్టాలి. మనవాడు అడ్వాన్సు తీసుకోలేదు. ఆమోదం కాగితంతో 52వ రోజు మళ్లీ పెట్టాడు.