ప్రొజెక్టర్ పెట్టుడు నేర్చుకుందాం, 3వ పాఠం: మిషన్ కంటే ముందు గది

పోయిన రెండు పాఠాలల్ల మిషన్ కొనేటప్పుడు ఏం చూడాలె, డబ్బా మీద రాసిన వెలుగు లెక్క, అంటే లూమెన్స్‌ల దేన్ని నమ్మాలె, నేటివ్ రిజల్యూషన్ (మిషన్ అసలు ఎన్ని చుక్కలతోని బొమ్మ వేస్తది) అంటే ఏంది అని చూసినం. ఇప్పుడు మిషన్ మీ చేతికొచ్చింది అనుకుందాం. ఇయ్యాల దాన్ని గదిల పెట్టుడు నేర్చుకుందాం. చాలామంది కేబుల్ గుచ్చి ఆన్ చేస్తరు, బొమ్మ పాలిపోయినట్టు కనబడంగనే సెట్టింగ్స్‌లకు పోయి బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ అటూ ఇటూ జరుపుకుంటనే ఉంటరు, అవతల జనం వచ్చి కూసుంటరు, బొమ్మ మాత్రం మంచిగ కాదు. సెట్టింగ్స్ అనేది ఆఖరి పని. మొదలు గదిల వెలుతురు, అటెంక తెర, అటెంక దూరం, మిషన్ ఎత్తు, ఫోకస్. ఈ వరుస తప్పొద్దు.

ఎందుకు ఇంత గట్టిగ చెప్తున్న అంటే, ప్రొజెక్టర్ నల్ల రంగు వేయలేదు. టీవీల నలుపు కావాలంటే అక్కడ వెలుగు ఆగిపోతది. ప్రొజెక్టర్ అట్ల కాదు, అది గోడ మీదికి వెలుగు పంపుడు తప్ప గోడ మీద ఉన్న వెలుగును తీసెయ్యలేదు. అంటే తెర మీద మీకు కనబడే నలుపు ఏందంటే, ఆ గది వెలుతురుల ఆ గోడ ఎట్లున్నదో అదే. ట్యూబ్ లైట్ల కింద గోడ తెల్లగ మెరుస్తుంటే మీ నలుపు గూడ అంతే తెల్లగ ఉంటది. పిల్లలకు రామప్ప గుడి గురించి చెప్తున్నరు అనుకోండి, 2021ల యునెస్కో గుర్తింపు వచ్చిన గుడి, 1213ల కట్టుడు మొదలైంది, ఆ గుడి ఉన్న పాలంపేటకు పోయి చూసినోళ్లకు ఆ మదనికల (నాట్యగత్తెల) శిల్పాలు ఎంత నున్నగ నల్లగ మెరుస్తయో తెలుసు. అదే ఫోటో లైట్లు వేసిన క్లాస్ రూంల వేస్తే నగలు, వేళ్లు, జడ ఏదీ విడిగ కనబడదు, మొత్తం ఒక బూడిద ముద్ద లెక్క వస్తది. ఫోటోది తప్పు కాదు, మిషన్‌ది తప్పు కాదు, గదిల వెలుతురు ఆ నలుపును తినేసింది.

దీన్ని ఒకసారి లెక్కల చూద్దాం, కష్టమైన లెక్క ఏం కాదు. మీ మిషన్ 300 ఆన్సి లూమెన్స్‌ది అనుకోండి, చిన్న పోర్టబుల్ మిషన్‌కు అది మంచి లెక్కనే. 100 ఇంచుల బొమ్మ అంటే మూల నుంచి మూలకు 100 ఇంచులు, 16:9 (వెడల్పు 16 వంతులు, ఎత్తు 9 వంతులు) బొమ్మైతే వెడల్పు 2.21 మీటర్లు, ఎత్తు 1.25 మీటర్లు, అంటే సుమారు 2.75 చదరపు మీటర్లు. 300ను 2.75తోని భాగిస్తే 109 లక్స్, లక్స్ అంటే ఒక చదరపు మీటరు మీద పడే వెలుగు లెక్క. తెర మీద మీ తెలుపు అంతే. ఇగ ట్యూబ్ లైట్ల నుంచి ఆ తెర మీద 200 లక్స్ పడుతున్నది అనుకోండి, క్లాస్ రూములల్ల అది మామూలే. అప్పుడు తెలుపు 309, నలుపు 200. రెండిటికి ఒకటిన్నర వంతు తేడా, అంతే. ఇప్పుడు తెర ముంగటి లైట్లు బంద్ చేసి, కిటికీలు మూసి, తెర మీద పడే వెలుతురు 10 లక్స్‌కు దించితే తెలుపు 119, నలుపు 10, అంటే దగ్గర దగ్గర 12 వంతుల తేడా. పైసా ఖర్చు లేదు, మిషన్ అదే, బొమ్మ వేరే మిషన్‌ది అన్నట్టు కనబడతది.

బొమ్మ సైజు గూడ ఇట్లనే. అదే మిషన్‌తోని 60 ఇంచులే వేస్తే ఒక చదరపు మీటరు, తెలుపు 300 లక్స్ వస్తది. ఒక బకెట్ సున్నం చిన్న గోడకు కొడితే తెల్లగ వస్తది, పెద్ద గోడకు కొడితే పల్చబడ్తది, ఇది గూడ అంతే. 20 మంది కూసునే గదిల 120 ఇంచులు వేసి మురవాల్సిన అవసరం లేదు, 70 ఇంచులు వేసి మంచిగ కనబడితే అదే ఎక్కువ.

గదిలకు పోంగనే చేయాల్సింది ఒక్కటే, తెర పెట్టాలనుకున్న గోడ దగ్గర నిలబడి, వీపు గోడకు పెట్టి ఎదురుంగ చూడండి. మీకు ఎదురుంగ కిటికీ గాని తలుపు గాని వెలుగుతా కనబడితే ఆ వెలుతురంతా మీ తెర మీద పడుతున్నట్టే, గోడ మార్చండి. తెరను కిటికీల నడుమ గూడ పెట్టొద్దు, చూసేటోళ్ల కండ్లల్ల వెలుగు కొడతది. కిటికీలకు, తలుపుకు దూరంగ ఉన్న మూల దిక్కు మంచిది. గ్రామాలల్ల మీటింగులు పెట్టే రైతు వేదికలు, స్కూల్ హాళ్లల్ల రెండు దిక్కుల కిటికీలు ఉంటయి, అన్నీ మూయలేం, ఎండాకాలం అయితే అసలే మూయలేం, గాలాడక జనం లేచిపోతరు. అందుకే తెర పక్కన ఉన్న రెండు కిటికీలకే అట్టలో, మందంగున్న చద్దరో, నల్ల టార్పాలినో కట్టి, ఎనుక కిటికీలు తెరిచే ఉంచండి. ముంగటి ట్యూబ్ లైట్ బంద్ చేయండి, ఎనుకటిది ఉండనియ్యండి, రాసుకునేటోళ్లకు వెలుతురు కావాలె గద. మొత్తం లైట్లకు ఒకటే స్విచ్ ఉంటే మెయిన్ బంద్ చేసి ముంగటి ట్యూబ్ ఒక్కటి తీయించండి, మీరు స్వయంగ ఎక్కొద్దు, అక్కడి ఎలక్ట్రీషియన్‌నో తెలిసినోళ్లనో అడగండి.

తెర గురించి. తెల్ల డిస్టెంపర్ గోడ నున్నగ ఉంటే దానికి మించింది లేదు. ఆయిల్ పెయింట్ గోడ వద్దు, మెరుస్తది, నడుమ ఒక వెలుగు మచ్చ పడ్తది. స్కూళ్లల్ల కింద సగం నీలం, ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ ఉంటది, బొమ్మను ఆ రంగు గీతకు పైననే వేయాలె. గోడ బాగలేకుంటే బట్ట. వరంగల్ చౌరస్తా దిక్కు ఏ బట్టల షాపుల అడిగినా తెల్ల కాటన్ దొరుకుతది, పల్చటిదైతే వెలుగు ఎనుకకు పోతది, రెండు మడతలు వేసి కుట్టియ్యండి. పైన ఒక బొంగు, కింద ఒక బొంగు దూర్చేటట్టు కుట్టిస్తే ముడతలు రావు, గాలికి ఊగదు. ఫ్లెక్సీ ఎనుక తెల్ల దిక్కు వాడేటోళ్లున్నరు, పని నడుస్తది గని మామూలు ఫ్లెక్సీ మెరుస్తది, పక్కకు కూసున్నోళ్లకు బొమ్మ మబ్బుగ కనబడతది. ఫ్లెక్సీ షాపుల ఎనుక నల్లగ ఉండే మెటీరియల్, మ్యాట్ ఫినిష్‌ది కావాలని అడిగి, ప్రింట్ ఏం లేకుండ ఉత్తగ కోయించుకోండి, చుట్ట చుట్టి పెట్టుకోండి, మడత పెడితే గీతలు పోవు.

ఇప్పుడు దూరం. మిషన్ పుస్తకంల త్రో రేషియో అని ఒక అంకె ఉంటది. బొమ్మ వెడల్పును ఆ అంకెతోని గుణిస్తే లెన్స్ నుంచి తెర దాక దూరం వస్తది. 1.2 ఉన్న మిషన్‌తోని 2 మీటర్ల వెడల్పు కావాలంటే 2.4 మీటర్లు. పోర్టబుల్ మిషన్లు చాలామట్టుకు 1.2, 1.3 దగ్గర్నే ఉంటయి. కొన్నిట్ల జూమ్ అని సెట్టింగ్ ఉంటది, లెన్స్ తిప్పుడుతోని అయ్యేదైతే వాడండి, మెనూల ఉన్న జూమ్ అయితే అది మిషన్ లోపట బొమ్మ తయారుచేసే చిప్ మీద బొమ్మను చిన్నగ చేసుడే, వెలుగు, క్లారిటీ రెండూ పోతయి. దానికంటే టేబుల్ ముందుకు జరుపుడు మేలు.

అసలు పని ఎత్తు దగ్గర ఉన్నది. మనోళ్లు మిషన్‌ను కింద స్టూల్ మీద పెట్టి, ముందు కాలు కింద రెండు పుస్తకాలు పెట్టి లేపుతరు. బొమ్మ పైకి పోతది, గని పైన వెడల్పు, కింద ఇరుకు అయితది. దాన్ని సరిచేయనీకి కీస్టోన్ అనే సెట్టింగ్ వాడుతరు. కీస్టోన్ ఏం చేస్తదంటే మిషన్ లోపట చిప్ మీదనే బొమ్మను ఉల్టాగ ఇరుకు చేసి వేస్తది, అంటే చిప్‌ల కొన్ని చుక్కలు ఉత్తగనే ఉంటయి, మిగిలిన చుక్కలల్లనే మొత్తం బొమ్మ ఇమడాలె. వీడియోకు అది అంతగ తెలియదు. తెలుగు అక్షరాలకు మాత్రం మస్తు తెలుస్తది. మన ఒత్తులు, గుడులు అన్నీ సన్నటి వంపులు, కీస్టోన్ ఎక్కువైన స్లయిడ్ల "రాష్ట్ర" అని రాస్తే కింది రెండు ఒత్తులు కలిసిపోయి ఒక నల్ల మరక అయితది, ఎనుక బెంచీల అమ్మలు, తాతలు చదవలేరు. ఇంకోటి, కీస్టోన్ కోసిన బొమ్మ చుట్టూ చీకట్ల ఒక మసక వెలుగు అంచు మిగులుతది, చూసినోళ్లకు అర్థమైతది నేనేం చెప్తున్ననో.

అందుకే మిషన్‌ను తెరకు నేరుగ, వంచకుండ పెట్టండి. ఎంత ఎత్తుల అనేది మిషన్‌ను బట్టి ఉంటది. ఆన్ చేసి, కీస్టోన్ సున్నా పెట్టి, మిషన్‌ను ఏమీ వంచకుండ సమంగున్న టేబుల్ మీద పెట్టి చూడండి. కొన్నిటికి లెన్స్ బొమ్మ కింది అంచుతోని సమానంగ ఉంటది, ఆఫీస్ ప్రొజెక్టర్లు ఎక్కువ ఇట్లనే ఉంటయి, వాటికి కింద టేబుల్ సరిపోతది. చిన్న ఎల్ఈడీ మిషన్లు మస్తుగ లెన్స్ బొమ్మ నట్టనడుమకు వచ్చేటట్టు ఉంటయి, వాటిని బొమ్మ నడుమ ఎత్తు దాక లేపాల్సిందే. మిషన్ అడుగున సన్నటి స్క్రూ బొక్క ఉంటది చూడండి, చాలావాటికి అది కెమెరా ట్రైపాడ్ స్క్రూనే. బరువు ఆపే ట్రైపాడ్ కొనుక్కుంటే గంటల పని నిమిషాలల్ల అయిపోతది, తక్కువ ధరకు దొరికే ఫోన్ ట్రైపాడ్ మీద మాత్రం పెట్టొద్దు, పిల్లలు తాకితే మిషన్ కింద పడ్తది. ఆటో కీస్టోన్ ఉన్న మిషన్ అయితే ఒకసారి సెట్ అయినంక దాన్ని బంద్ చేయండి, లేకుంటే ఎవరన్న టేబుల్‌కు తలిగినప్పుడల్లా బొమ్మ మళ్ల కదులుతది, మాట్లాడేటాయనకు చిరాకు, చూసేటోళ్లకు చిరాకు.

ఫోకస్ కోసం ఒక స్లయిడ్ తయారు చేసుకోండి, ఇది నా పాఠాలల్ల మీరు దాచుకోవాల్సిన స్లయిడ్. తెల్ల బ్యాక్‌గ్రౌండ్, నల్ల అక్షరాలు, నాలుగు మూలలకు, నడుమ ఒకటి, మొత్తం ఐదు చోట్ల ఇవే మాటలు రాయండి: రాష్ట్రం, స్త్రీ, కృష్ణ, ఉత్పత్తి, జ్ఞానం. 32 సైజ్‌ల ఒకసారి, 24ల ఒకసారి. తెర దగ్గరికి పోయి "స్త్రీ" కింద తవొత్తు, రవొత్తు విడివిడిగ కనబడే దాక ఇంకొకలను ఫోకస్ తిప్పమనండి, మిషన్ దగ్గర నిలబడి తిప్పితే అంత మంచిగ తెలియదు. నడుమ మంచిగుండి ఎడమ మూలలు మాత్రమే మసక ఉంటే ఫోకస్ తప్పు కాదు, మిషన్ పక్కకు తిరిగి ఉన్నదని అర్థం, దాన్ని జరపండి. నాలుగు మూలలూ సమానంగ మసక ఉంటే మాత్రం చౌక లెన్స్‌ల గుణం, అక్షరాలను నడుమకు తెచ్చుకోండి. మిషన్ ఆన్ చేసినంక ఒక 15 నిమిషాలు ఆగి ఫోకస్ మళ్ల చూడండి, వేడెక్కినంక కొంచెం జరుగుతది. తర్వాత ఆఖరి బెంచీల కూసోని 24 సైజ్ చదవండి. చదవలేకపోతే మీ స్లయిడ్లన్నీ 32కు పెంచాల్సిందే, లైన్ల నడుమ జాగ గూడ పెంచండి, మన ఒత్తులు కిందికి దిగుతయి కాబట్టి ఇంగ్లిష్‌కు సరిపోయిన జాగ తెలుగుకు సరిపోదు.

వెలుతురు పూర్తిగ మూయలేని గదిల నల్ల బ్యాక్‌గ్రౌండ్ స్లయిడ్లు పెట్టొద్దు, తెల్ల మీద నలుపే పెట్టండి. పత్తి మీద గులాబీ పురుగు, మిర్చి ఆకు ముడత లాంటి ఫోటోలు చూపెట్టేటప్పుడు ఫోటోను ముందే కొంచెం వెలుగు పెంచి పెట్టుకోండి, పురుగు చుట్టే కోసి పెద్దగ చేయండి, రైతు చూడాల్సింది ఆ మచ్చనే గని చెట్టు మొత్తం కాదు.

వీడియో రాత్రి బయట వేసేటోళ్లకు రెండు ముచ్చట్లు. మన దిక్కు మే నెలల పొద్దు 6:40 దగ్గర దగ్గర గూకుతది, డిసెంబర్ల 5:45 దగ్గర దగ్గర. గూకిన అరగంట దాక ఆకాశం వెలుగు పోదు, మేల 7:15 కంటే ముందు మొదలు పెడితే మొదటి పది నిమిషాలు ఎవరికీ ఏం కనబడదు. రెండోది, మొదటి వానలు పడ్డ రాత్రి ఉసిళ్లు లేస్తయి, తెర మీదికి, లెన్స్ మీదికి, ఫ్యాన్ బొక్కలల్లకు వస్తయి. దూరంగ ఒక పెద్ద బల్బ్ వేసి పెడితే సగం అటు పోతయి, అయినా ఆ రాత్రి వాయిదా వేసుకుంటేనే మిషన్‌కు మంచిది. ఎండాకాలం పగలు 44 డిగ్రీలల్ల గూడ జర ఆలోచించాలె, చాలా మిషన్లు 35 లేకుంటే 40 డిగ్రీల దాకనే నడవాలని వాటి పుస్తకంల ఉంటది. గాలి బొక్కల ముంగట జానెడు జాగ వదలండి, మిషన్ మీద బట్ట కప్పొద్దు, మెత్తటి పరుపు మీద పెట్టొద్దు.

ఈ వారం పని: ఆ ఐదు చోట్ల అక్షరాల స్లయిడ్ తయారు చేసుకోని, ఫోన్ల లక్స్ మీటర్ యాప్ ఒకటి వేసుకోని, మీరు వాడబోయే గదిల తెర జాగల ఫోన్ పెట్టి, లైట్లు వేసినప్పుడు ఎంత, ముంగటిది బంద్ చేసినప్పుడు ఎంత, కిటికీలు మూసినప్పుడు ఎంత అని మూడు అంకెలు రాసుకోండి. ఫోన్ అంకె అంత కచ్చితంగ ఉండదు గని ఒకదానికి ఇంకోదానికి తేడా తెలుస్తది, మనకు కావాల్సింది అదే. మిషన్ లూమెన్స్‌ను బొమ్మ చదరపు మీటర్లతోని భాగించి పక్కన రాసుకోండి. నాలుగో పాఠంల ల్యాప్‌టాప్ కలుపుడు, వేరే ల్యాప్‌టాప్ల అను ఫాంట్ల (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్ల) స్లయిడ్ తెరిస్తే అక్షరాలు ఎందుకు పాడైతయి, సౌండ్ బొమ్మ కంటే ఎనుక ఎందుకు వస్తది అనేవి చూద్దాం, అప్పుడు మీ స్లయిడ్ ఫైలు పెన్‌డ్రైవ్ల వేసుకోని రెడీ ఉండండి.