అల్లాయ్ వీల్స్‌కి సరైన నట్లు ఎంచుకోవడం ఎలా?

కొత్త అల్లాయ్ వీల్స్ కొన్నారు, టైర్లు కూడా ఎక్కించారు. పాత నట్టు తీసుకుని స్టడ్ (చక్రం బిగించడానికి కారుకి ఉండే మర కడ్డీ) మీద తిప్పి చూస్తే సాఫీగా ఎక్కుతోంది. ఇంకేం, బిగించేద్దాం అనిపిస్తుంది. కాస్త ఆగండి. మర ఎక్కినంత మాత్రాన నట్టు సరిపోయినట్టు కాదు. నట్టు లోపలి మర కారుకి సరిపోవాలి, బయటి ఆకారం చక్రానికి సరిపోవాలి. మీరు మార్చింది చక్రాన్ని. అంటే ఆ రెండో లెక్క మళ్లీ మొదటి నుంచి చూసుకోవాల్సిందే.

ముందు కారు సంగతి

గట్టి నేల మీద జాకీ, స్టాండు పెట్టి ఒక చక్రం విప్పండి. హబ్ (కారు వైపు చక్రం ఆనుకునే భాగం) నుంచి స్టడ్‌లు బయటికి పొడుచుకు వచ్చి ఉంటే మీకు కావాల్సినవి నట్లు. స్టడ్‌లు లేకుండా మర ఉన్న రంధ్రాలే కనిపిస్తే బోల్టులు కావాలి. టొయోటా, హోండా, హ్యుందాయ్, సుజుకీ కార్లలో సాధారణంగా నట్లు ఉంటాయి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడి, మెర్సిడెస్‌లలో ఎక్కువగా బోల్టులే.

తర్వాత మర సైజు. డబ్బా మీద ఎం12 × 1.5 అని రాసి ఉంటే, స్టడ్ లావు 12 మిల్లీమీటర్లు, ఒక మరకీ పక్క మరకీ మధ్య దూరం 1.5 మిల్లీమీటర్లు అని. ఈ దూరాన్నే పిచ్ అంటారు. టొయోటా, హోండా, హ్యుందాయ్ కార్లలో 12 × 1.5 ఎక్కువ. సుజుకీ, నిస్సాన్, సుబారూల్లో 12 × 1.25 ఎక్కువ. బరువైన బండ్లలో 14 × 1.5 తరచుగా కనిపిస్తుంది. అయితే కంపెనీ పేరు చూసి కొనేయొద్దు, ఒకే కంపెనీ మోడల్‌ని బట్టి సైజు మారుస్తుంది. ఓనర్స్ మాన్యువల్ చూడండి, లేదా మీరే కొలవండి.

కొలవడం కష్టమేం కాదు. స్టడ్ లావుకి వెర్నియర్ కాలిపర్ చాలు. 12 కన్నా కాస్త తక్కువ చూపిస్తే కంగారు పడొద్దు, మర అంచుల దగ్గర అలాగే ఉంటుంది. పిచ్‌కి థ్రెడ్ గేజ్ ఉంటే మంచిది. లేకపోతే స్టడ్ పక్కన స్కేలు ఆనించి 15 మిల్లీమీటర్ల పొడవులో ఎన్ని మరలున్నాయో లెక్కపెట్టండి. 10 వస్తే పిచ్ 1.5, 12 వస్తే 1.25.

ఈ రెండు పిచ్‌లనీ కలగాపులగం చేస్తే నట్టు ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది. చేత్తో తిప్పేవాడికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. షాపులో గాలితో బిగించే గన్‌కి తెలియదు, అది మరల్ని కొరికేస్తూ లోపలికి దూర్చేస్తుంది. ఆ తర్వాత స్టడ్ మార్చాల్సిందే.

అసలు సమస్య సీటుది

నట్టు చక్రాన్ని తాకే భాగాన్ని సీటు అంటారు. ఇందులో ముఖ్యంగా మూడు రకాలు: కోన్ లాగా ఏటవాలుగా ఉండేది, బంతి లాగా గుండ్రంగా ఉండేది, అడుగున వాషర్‌తో చదునుగా ఉండేది. బయట కొనే అల్లాయ్ వీల్స్‌లో చాలావాటికి 60 డిగ్రీల కోన్ సీటు కావాలి. కంపెనీ నుంచి వచ్చిన నట్లు అలాగే ఉంటాయన్న నమ్మకం లేదు. హోండా వాళ్ల సొంత అల్లాయ్స్‌కి బంతి సీటు, టొయోటా అల్లాయ్స్‌లో చాలావాటికి వాషర్ ఉన్న చదును సీటు వస్తాయి. గుండ్రటివన్నీ ఒకటే అనుకున్నా తప్పే. ఆ గుండ్రం ఎంత వంపు తిరిగిందన్నది కూడా కంపెనీని బట్టి మారుతుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, చక్రాన్ని మోసేది స్టడ్‌లు మాత్రమే అనుకుంటాం కానీ, నిజానికి దాన్ని కదలకుండా పట్టి ఉంచేది బిగింపు. నట్టు బిగిస్తే స్టడ్ రవ్వంత సాగి, స్ప్రింగులా చక్రాన్ని హబ్‌కి అదిమి పెడుతుంది. బంతి సీటు నట్టుని కోన్ రంధ్రంలో బిగిస్తే అది సన్నటి గీత మీద మాత్రమే ఆనుతుంది. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించామో కొలిచే పానా) టక్కుమంటుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. నాలుగు రోజులు తిరిగేసరికి ఆ గీత దగ్గర అల్యూమినియం నలిగి బిగింపు సడలుతుంది. తర్వాత చక్రం రంధ్రం దెబ్బతింటుంది, లేదా స్టడ్ విరుగుతుంది.

చక్రంతో వచ్చిన కాగితంలో సీటు రకం రాసి లేకపోతే ఒక చిన్న పరీక్ష చేయండి. నట్టు సీటుకి చుట్టూ మార్కర్ రంగు పూసి, చేత్తో మామూలుగా బిగించి, విప్పి చూడండి. వెడల్పాటి పట్టీలా రంగు చెరిగితే సరైనదే. సన్నటి గీతలా చెరిగితే ఆ నట్టు పక్కన పెట్టేయండి.

రంధ్రం, పానా, పొడవు

కొత్త చక్రాల్లో నట్టు కూర్చునే గుంత తరచుగా ఇరుకుగా ఉంటుంది. నట్టు లోపలికి దూరుతుంది గానీ దాని చుట్టూ సాకెట్ పట్టదు. నట్టు తల 17, 19, 21 మిల్లీమీటర్లలో ఏదో చూసుకుని, మీ సాకెట్‌ని గుంతలో పెట్టి మరీ చూడండి. పట్టకపోతే పలచటి గోడల సాకెట్ వాడాలి, లేదా కీతో తిరిగే సన్నటి నట్లు తీసుకోవాలి. ఆ కీ ఎప్పుడూ కారులోనే ఉండాలి. ఇంట్లో మర్చిపోతే, పంక్చర్ అయిన రోజున మీ నట్లే మీకు తాళం వేస్తాయి.

పొడవు విషయంలో నేను పాటించే లెక్క ఇది: నట్టు కనీసం స్టడ్ లావుకి సమానమైన లోతు మరలో దిగాలి. 12 × 1.5 అయితే 8 చుట్లు, 12 × 1.25 అయితే దాదాపు 10. చక్రం మందంగా ఉన్నా, చక్రానికీ హబ్‌కీ మధ్య స్పేసర్ అనే బిళ్ల వేసినా చుట్లు తగ్గిపోతాయి. తల మూసి ఉన్న నట్లలో దీనికి తలకిందుల చిక్కు ఒకటుంది. స్టడ్ పొడవుగా ఉంటే దాని కొస నట్టు లోపలి మూతకి తగిలి ఆగిపోతుంది. బిగిసినట్టే ఉంటుంది, చక్రం మాత్రం వదులుగానే ఉంటుంది. బోల్టులైతే మరీ పొడవైనవి అవతలికి వెళ్లి బ్రేక్ భాగాలకి రాసుకుంటాయి. బిగించాక చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి, ఎక్కడైనా చప్పుడు వస్తోందేమో వినండి.

మెటీరియల్ గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. రంగురంగుల అల్యూమినియం నట్లు చూడ్డానికి బాగుంటాయి, రోజూ తిరిగే కారుకి స్టీలువే మేలు.

బిగించేటప్పుడు

సీట్లు, హబ్ ముఖం తుడవండి. మాన్యువల్ చెప్పకపోతే మరలకి నూనె, గ్రీజు పూయొద్దు. పూస్తే అదే టార్క్‌కి స్టడ్ అతిగా సాగుతుంది. అన్ని నట్లూ ముందు చేత్తోనే ఎక్కించి, ఒకటి వదిలి ఒకటి, నక్షత్రం గీసినట్టు బిగించండి. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తోనే. చిన్న కార్లలో చాలావాటికి అది 100 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, కచ్చితమైన అంకె మాన్యువల్లో దొరుకుతుంది. 80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి టార్క్ చూడండి.

ఇంత చేశాక కూడా స్టీరింగ్ వణికితే నట్లనే అనుమానించకండి. చక్రం మధ్య రంధ్రం హబ్ కన్నా పెద్దదై ఉండొచ్చు, ఆ సందు నింపడానికి హబ్ రింగ్ వేయాలి. టైరు బ్యాలెన్సింగ్ కూడా చూపించండి.

పాత నట్లు పారేయొద్దు. స్టెప్నీ కంపెనీ ఇచ్చిన రిమ్ముదే అయితే, దానికి మళ్లీ ఆ నట్లే కావాల్సి రావచ్చు. ఒక చక్రానికి సరిపడా సంచిలో వేసి, జాకీ పక్కన పెట్టేయండి.