నెట్ సెంటర్ పెడుతున్నారా? జనం కాగితాల సంగతి ముందు చూసుకోండి

తణుకులో తహసీల్దార్ ఆఫీసు దగ్గర మాది జిరాక్స్, నెట్ సెంటర్. కొత్తగా షాపు పెట్టే కుర్రాళ్లు వస్తే ఏ ప్రింటరు కొనాలి, పేజీకి ఎంత తీసుకోవాలి అని అడుగుతారు. అవి ఎవరైనా చెప్తారు. సాయంత్రం షట్టర్ దించేసరికి మన సిస్టంలో ఊళ్లోవాళ్ల ఆధార్లు, పాన్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు ఎన్ని పడి ఉంటాయో, వాటినేం చేయాలో మాత్రం ఎవరూ అడగరు. నా లెక్కలో మొదట నేర్చుకోవాల్సింది అదే. పని అయ్యాక కస్టమర్ కాగితం మన దగ్గర ఉండకూడదు, చట్టం ఉంచమన్నది తప్ప.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌తో మొదలుపెట్టండి. ఏ నెట్ సెంటర్లో చూసినా అందులో వందల పీడీఎఫ్‌లు ఉంటాయి. ఈ-ఆధార్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా అనకండి. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం. అంతే ఆ తాళం. అదే మనిషి టెన్త్ మెమో పక్క ఫైల్లోనే ఉంటుంది, ఇంకేం కావాలి? విండోస్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ సెన్స్ అని ఉంటుంది, పాత ఫైళ్లను దానంతటదే తీసేస్తుంది. అది ఆన్ చేసి, డౌన్‌లోడ్స్‌కీ రీసైకిల్ బిన్‌కీ ఒక రోజు గడువు పెట్టండి. అయినా రాత్రి ఒకసారి మీరే చూసి, రీసైకిల్ బిన్‌లోకి కూడా పోకుండా షిఫ్ట్ నొక్కి డిలీట్ చేయడం మంచిది.

వాట్సాప్‌కి షాపు నంబరు వేరే ఉండాలి. సొంత నంబరు ఇస్తే ఎవరిదో పాన్ కార్డు మీ గ్యాలరీలోకి, అక్కణ్నుంచి గూగుల్ ఫొటోస్‌లోకి పోతుంది. ఇంట్లో పిల్లలు ఫోన్ పట్టుకుంటే వాళ్ల చేతుల్లోకీ వెళ్తుంది. షాపు నంబర్లో మెసేజ్‌లు 24 గంటల్లో పోయేలా పెట్టి, మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. బ్రౌజర్లో కస్టమర్ పని ఎప్పుడూ గెస్ట్ విండోలోనే చేయాలి, మూసేయగానే వాళ్ల లాగిన్‌లు అందులో మిగలవు. పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అని అడిగే ఆప్షన్ శాశ్వతంగా ఆపేయండి.

చెడిపోయిన ప్రింట్లను మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఇంకు సరిగ్గా పడలేదని పక్కన పడేసిన ఆధార్ జిరాక్సులు నెలాఖరుకి కిలోల లెక్కన పాత పేపర్లవాడికి పోతాయి. అక్కణ్నుంచి మిర్చి బజ్జీల బండికి. బజ్జీ తిని కాగితం తిప్పి చూస్తే ఎవరో ఆవిడ ఫొటో, పుట్టిన తేదీ, అడ్రస్! కాగితాలు ముక్కలు చేసే చిన్న ష్రెడ్డర్ కొనండి. లేదంటే చేత్తోనే నిలువుగా, అడ్డంగా చింపండి. ఇదంతా చాదస్తం అనుకుంటే ధర్మారం గుర్తు తెచ్చుకోండి. 2018లో పెద్దపల్లి జిల్లాలోని ఆ ఊళ్లో, భూముల రిజిస్ట్రేషన్ డాక్యుమెంట్ల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి వేలాది సిమ్‌లు యాక్టివేట్ చేశాడని సిమ్‌లు అమ్మే వ్యక్తిని అరెస్టు చేశారు.

ఆధార్ ప్రింట్ కావాలంటే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుందేమో ముందు అడగండి. అందులో మొదటి 8 అంకెలు కనపడవు, చివరి 4 మాత్రమే ఉంటాయి. జిరాక్స్ మీద ఎందుకోసం ఇస్తున్నారో, తేదీ ఏమిటో రాసి సంతకం చేయమని కూడా చెప్పండి. ఇది చట్టం అడిగింది కాదు, నా అలవాటు. కౌంటర్ దగ్గర తాడు కట్టిన పెన్ను అందుకే.

ఇక ఓటీపీ. పెద్దవాళ్లు ఫోన్ మొత్తం చేతిలో పెట్టి "నువ్వే చూడు నాయనా" అంటారు. నమ్మి ఇచ్చారు కాబట్టే జాగ్రత్త. ఆ ఒక్క మెసేజ్ చూసి, అంకెలు కొట్టి, ఫోన్ వెంటనే తిరిగిచ్చేయండి. ఓటీపీ పైకి చదవొద్దు, వెనకాల లైన్లో పదిమంది ఉంటారు. ఇంకొకరి పాస్‌వర్డ్‌నో ఎలక్ట్రానిక్ సంతకాన్నో మోసంతో వాడితే ఐటీ చట్టం 66సీ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

దీనికంటే ఎక్కువగా జరిగే అన్యాయం ఇంకోటుంది. స్కాలర్‌షిప్‌కో ఉద్యోగానికో అప్లై చేసేటప్పుడు, పిల్లకి మెయిల్ లేదని నెట్ సెంటర్ వాళ్లు తమ మెయిల్, తమ నంబరు పెట్టేస్తారు. హాల్ టికెట్ వచ్చే రోజుకి ఆ నంబరు మారిపోయి ఉంటుంది, లేదా షాపే ఉండదు. ఐదు నిమిషాలు పట్టినా సరే, ఆ పిల్ల పేరుతోనే మెయిల్ తీసి, పాస్‌వర్డ్ ఆమె చేతే కొట్టించండి. కాగితం మీద రాసి ఆమెకే ఇవ్వండి, మీ నోట్‌బుక్కులో వద్దు.

చట్టం ఉంచమన్నది తప్ప అని మొదట్లో అన్నాను కదా, అదేంటంటే, 2011 సైబర్ కేఫ్ నిబంధనల ప్రకారం మీ సిస్టం మీద కూర్చుని నెట్ వాడేవాళ్ల గుర్తింపు చూసి రిజిస్టర్లో రాయాలి. ఆ రిజిస్టర్, చూసిన సైట్ల వివరాలు కనీసం ఏడాది భద్రపరచాలి. క్యాబిన్ల అడ్డుగోడ నాలుగున్నర అడుగులు మించకూడదు. కేవలం జిరాక్స్ కోసం వచ్చినవాళ్ల ఆధార్ దాచుకోవడానికి దీన్ని సాకుగా చూపించకండి. 2023 డేటా రక్షణ చట్టం పని అయ్యాక డేటా చెరిపేయాలనే చెప్తోంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి.

"అన్నా, డేట్ ఆఫ్ బర్త్‌లో ఒక్క అంకె మార్చు" అని వచ్చేవాళ్లు నెలకి ఒకరైనా ఉంటారు. తెలిసినవాళ్లే, బాబాయ్ వరసవాళ్లే అడుగుతారు. కుదరదని చెప్పి, సరిచేయించుకునే దారి చూపించండి. భారతీయ న్యాయ సంహిత 337వ సెక్షన్‌లో ఓటరు కార్డు, ఆధార్ ఫోర్జరీ అని పేరు పెట్టి మరీ రాశారు, ఏడేళ్ల దాకా జైలు. ఫొటోషాప్‌లో కొట్టింది మనమే కాబట్టి మన పేరే ముందుంటుంది.

ఫొటోషాప్ అంటే గుర్తొచ్చింది. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్, క్రాక్ చేసిన తెలుగు డీటీపీ ఫాంట్లు లేని షాపు మన వైపు అరుదు. తెలిసీ దొంగ కాపీ వాడితే కాపీరైట్ చట్టం 63బీ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. పెళ్లి పత్రికలకి రామభద్ర, మండలి, గిడుగు, సూరన్న ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే దొరుకుతాయి. టైపింగ్ పనికి లిబ్రే ఆఫీస్, డిజైన్ పనికి ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్లు కూడా అంతే. కొన్నాళ్లు చేయి తిరగదు, తర్వాత అలవాటైపోతుంది.

పుస్తకాల జిరాక్స్ గురించి ఢిల్లీ యూనివర్సిటీ కేసు తెలుసుకోవాలి. అక్కడ రామేశ్వరి అనే జిరాక్స్ షాపు మీద పెద్ద పెద్ద ప్రచురణ సంస్థలు కేసు వేస్తే, పాఠం కోసం పుస్తకాల్లోంచి తీసిన భాగాలు కాపీ చేయొచ్చని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అంటే పోటీ పరీక్షల గైడు మొత్తం కొట్టి, స్పైరల్ బైండింగ్ చేసి అమ్ముకోవచ్చని కాదు. పెన్‌డ్రైవ్‌లో కొత్త సినిమాలు ఎక్కించే బేరం అసలు పెట్టుకోవద్దు.

ఇన్ని చూసుకున్నా ఎప్పుడైనా కస్టమర్ ఖాతాలో డబ్బు పోయిందని పరుగున వస్తే, గొడవ పడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయించండి. ఎంత త్వరగా చెప్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. రిజిస్టర్ సరిగ్గా రాసుకుని ఉంటే పోలీసులు అడిగినా టెన్షన్ ఉండదు.

పాత జిరాక్స్ మెషిన్ మార్చేటప్పుడు ఒక విషయం మర్చిపోకండి. పెద్ద డిజిటల్ మెషిన్లలో హార్డ్ డిస్క్ ఉంటుంది, స్కాన్ చేసినవి అందులో మిగిలిపోవచ్చు. డీలర్‌కి ఇచ్చే ముందు సర్వీస్ ఇంజనీర్‌ని పిలిచి మీ కళ్లెదుట చెరిపించండి, లేదంటే డిస్క్ తీయించి మీ దగ్గరే పెట్టుకోండి. ధరలో నాలుగు వందలు తగ్గించమంటే తగ్గించండి.