రాతపని ఇచ్చే ముందు: అన్ని సబ్జెక్టుల టీచర్లకు జాగ్రత్తలు

ప్రశ్న బిగువుగా ఉందా చూసుకోండి. "పులికాట్ గురించి రాయండి" అంటే పిల్లలు గైడు దించేస్తారు. "ఫ్లెమింగోలు చలికాలంలో పులికాట్‌కే ఎందుకొస్తాయి? రెండు కారణాలు, ఒక్కోదానికి ఒక ఆధారం, 8 వాక్యాల్లో" అని బోర్డు మీద రాస్తే ఆలోచిస్తారు.

సైన్సు రికార్డుకు ముందే పేజీని రెండు గళ్లు చేయించండి. "ఉప్పునీళ్లు మరిగాక గిన్నె అడుగున తెల్లపొడి మిగిలింది" అన్నది చూసింది. "నీరు ఆవిరైంది, ఉప్పు కాలేదు" అన్నది తేల్చుకున్నది. గళ్లు లేకపోతే పిల్లలు రెండూ కలిపేస్తారు. ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే.

లెక్కల్లో ఏదో ఒక్క మెట్టు ఎందుకు వేశారో ఒక వాక్యం రాయిస్తే చాలు.

సోషల్లో సోమశిల ప్రాజెక్టు మీద అభిప్రాయం అడిగితే, ఆయకట్టు రైతు మాట, ముంపులో ఇల్లు పోయినవాళ్ల మాట రెండూ రావాలని చెప్పండి.

దిద్దే కొలత రాతకు ముందే ప్రకటించండి: 10లో విషయం 5, ఆధారం 3, అమరిక 2. భాషేతర సబ్జెక్టుల్లో అక్షరదోషాలకు కోత వద్దు, తప్పు చుట్టూ సున్నా చుట్టి వదిలేయండి. పారిభాషిక పదం తప్పితే మాత్రం ఊరుకోకూడదు.

మొదటి 5 నోటుబుక్కులకు పెన్సిల్‌తోనే మార్కులు వేయండి. మొదట్లో చెయ్యి బిగుస్తుంది, అలసట వచ్చాక వదులవుతుంది. కట్టంతా అయ్యాక ఆ 5 మళ్లీ చూసి పెన్నుతో ఖాయం చేయండి.