మసాజ్ థెరపీ నేర్చుకోవడం ఎలా? ఒంటి మీద చెయ్యి వేసే ముందు తెలియాల్సినవి

మసాజ్ నేర్చుకోవాలని వచ్చేవాళ్లు ముందుగా అడిగేది ఎక్కడ నొక్కాలి, ఎంత గట్టిగా నొక్కాలి అనే. అది సాధన మీద వస్తుంది. ఎవరికి చేయకూడదు, ఏం అడిగి చేయాలి, చేతులూ దుప్పట్లూ ఎలా ఉంచుకోవాలి అన్నవి మాత్రం మొదటి మనిషిని ముట్టుకోకముందే తెలిసి ఉండాలి.

1. కొంచెం చరిత్ర చదవండి

ఒళ్లు పట్టడం, నూనె పెట్టి రుద్దడం ఏ ఒక్క దేశమో కనిపెట్టిన విద్య కాదు. ఆయుర్వేదంలో అభ్యంగనం ఉంది, చైనా ప్రాచీన వైద్యంలో మర్దన ఉంది. వైద్యుడికి రుద్దడం కూడా వచ్చి ఉండాలని ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరు మీదున్న గ్రంథాలు చెబుతాయి. ఇప్పుడు ఎక్కువగా నేర్పే స్వీడిష్ మసాజ్‌ను స్వీడన్‌కు చెందిన పెర్ హెన్రిక్ లింగ్ (1776–1839) పేరుతో ముడిపెడతారు గానీ, ఆయన తయారుచేసింది ప్రధానంగా వ్యాయామ పద్ధతి. ఎఫ్లూరాజ్ (తేలిగ్గా నిమరడం), పెట్రిసాజ్ (పిసకడం) లాంటి ఫ్రెంచి పేర్లు తర్వాతి కాలంలో డచ్ వైద్యుడు మెజ్గర్ వల్ల స్థిరపడ్డాయంటారు.

వీటన్నిటికంటే మనకు పనికొచ్చే కథ 1894 నాటి బ్రిటన్‌ది. మసాజ్ ముసుగులో వ్యభిచారం నడుస్తోందని ఆ ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్ రాసింది. పరువు కాపాడుకోవడానికి నలుగురు నర్సులు ఒక సంఘం పెట్టుకున్నారు. డాక్టరు చెబితేనే మసాజ్ చేయాలి, వైద్య పత్రికల్లో తప్ప ప్రకటనలు ఇవ్వకూడదు, రోగులకు మందులు అమ్మకూడదు అని తమకు తామే రూల్స్ రాసుకున్నారు. నేటి బ్రిటన్ ఫిజియోథెరపిస్టుల సంఘానికి మూలం అదే. ఆ కట్టుబాటు లేకపోతే ఇది నలుగురిలో చెప్పుకోగలిగే పని అయ్యుండేది కాదని నా అభిప్రాయం.

2. పడుకోబెట్టే ముందు అడగండి

జ్వరం ఉందా? చర్మం మీద పుండ్లు, తామర లాంటివి ఉన్నాయా? ఈమధ్య ఆపరేషన్ అయిందా, ఎముక విరిగిందా? రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? గర్భంతో ఉన్నారా? ఏ నూనె అయినా పడదా? జవాబులు కాగితం మీద పెట్టుకోండి. అనుమానం వస్తే డాక్టర్ని అడిగి రమ్మనండి.

ఒక్కటి మాత్రం బాగా గుర్తుంచుకోండి. "ఈ పిక్క పట్టేసింది, కాస్త గట్టిగా పిసకండి" అని ఎవరైనా అంటే, ముందు రెండు పిక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. నొప్పి ఉన్నది రెండోదానికంటే వాచి, వేడిగా, రంగు మారి కనిపిస్తే ముట్టుకోవద్దు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణం మీదికి వస్తుంది. వాళ్లు నొచ్చుకున్నా సరే, అప్పటికప్పుడు ఆస్పత్రికి పంపేయండి.

3. చేతులు, నూనె, దుప్పట్లు

అరచెయ్యి మీ వైపు తిప్పి చూస్తే వేలికొసల పైన గోళ్లు కనిపించకూడదు. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయాలి. సబ్బుతో కనీసం 20 సెకన్లు చేతులు రుద్దుకోవాలి. వేళ్ల సందులు, బొటనవేలి చుట్టూ, గోళ్ల కింద ఎక్కువగా వదిలేస్తుంటారు. నూనె ముంజేతుల దాకా అంటుతుంది కాబట్టి మోచేతుల వరకూ కడగండి. మనిషి మారినప్పుడల్లా మళ్లీ కడగాల్సిందే.

నూనెను పంపు సీసాలో పోసుకోండి. వెడల్పు డబ్బాలో వేళ్లు ముంచి తీస్తుంటే ఒకరి చర్మం మీది క్రిములు ఆ తర్వాత వచ్చే అందరికీ అంటుతాయి. దుప్పటి, తువ్వాలు, తల ఆనించే చోట వేసే గుడ్డ ఒకరికి వాడింది ఇంకొకరికి వేయకూడదు. "పైకి శుభ్రంగానే ఉంది కదా" అనే మాట ఇక్కడ చెల్లదు. జలుబు చేస్తే ఆ రోజుకి పని మానేయండి.

4. హద్దులు ముందే చెప్పండి

ఏయే భాగాలకు చేస్తారో, ఎంతసేపు చేస్తారో ముందే చెప్పి, సరేనంటేనే మొదలుపెట్టాలి. బట్టలు ఎంతవరకు తీయాలన్నది వాళ్ల ఇష్టం. ఆ సమయంలో మీరు గది బయట ఉండాలి. ఒంటి నిండా దుప్పటి కప్పి, ఏ భాగానికి చేస్తున్నారో అంతవరకే తొలగించాలి. మధ్యలో ఎప్పుడు వద్దన్నా చెయ్యి తీసేయాలి, ఎందుకని అడగక్కర్లేదు. అటువైపు నుంచి వెకిలి మాట వచ్చినా మొహమాటపడకుండా ఆపేసి బయటికొచ్చేయొచ్చు.

అక్కడ విన్నది అక్కడే వదిలేయాలి. బీపీ మాత్రలు మానేయమని సలహా ఇవ్వడం మీ పని కాదు. "ఒంట్లోని విషాలన్నీ పోతాయి" అనే మాట కూడా వద్దు, దానికి ఆధారం లేదు. కండరాలు వదులవుతాయి, టెన్షన్ తగ్గుతుంది, నిద్ర పట్టొచ్చు. ఇంతమాత్రం చెబితే చాలు.

5. ఇక చెయ్యి వేయండి

నూనెను ముందు మీ అరచేతుల్లో వేసుకుని వెచ్చబరచండి. పొడవాటి తేలిక పట్లతో మొదలుపెట్టి, కండరం వదులయ్యాక పిసకడంలోకి దిగండి. కాళ్లూ చేతులకు బరువు పెట్టేటప్పుడు పట్టు గుండె వైపుకి సాగాలి. మెడ ముందు భాగం, చంక, మోచేతి మడత, మోకాలి వెనక గుంట, ఉబ్బిన నరాలు ఉన్నచోట నొక్కకూడదు. వెన్నెముక మీద కాకుండా దానికి రెండు పక్కలా ఉన్న కండరం మీదే పని చేయండి.

నొప్పి పదిలో ఎంత అని మధ్యమధ్యలో అడగండి. ఊపిరి బిగబట్టినా, కాలివేళ్లు ముడుచుకున్నా, నోటితో "బాగానే ఉంది" అంటున్నా సరే, జోరు తగ్గించాలి. బొటనవేళ్లతోనే లాగించేస్తే ముందు పోయేవి మీ కీళ్లే. మోచెయ్యి తిన్నగా ఉంచి ఒంటి బరువును వాల్చండి.

6. అయిపోయాక

నిదానంగా లేవమనండి, గబుక్కున లేస్తే కొందరికి కళ్లు తిరుగుతాయి. ఏం చేశారో రెండు ముక్కలు రాసుకుని, బల్లను క్రిమిసంహారకంతో తుడవండి. నూనె పీల్చుకున్న తువ్వాళ్లను డ్రయ్యర్లో వేసి, వేడి మీదే కుప్పగా వదిలేయకండి. సరిగ్గా వదలని నూనె లోపల్లోపల వేడెక్కి, నిప్పు తగలకుండానే అంటుకునే ప్రమాదం ఉంది. వేడినీళ్లలో బాగా ఉతికి, పూర్తిగా చల్లారాకే మడతపెట్టండి.